పాత కారుకు సింథటిక్ ఆయిల్: డబ్బా వెనక ఉన్న అక్షరాలు ఏం చెబుతాయి?

ఇంజిన్ ఆయిల్ డబ్బా ముందువైపు ‘ఫుల్లీ సింథటిక్’ అన్న మాట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డబ్బా తిప్పితే, వెలుతురులో పట్టుకుంటే గానీ ఆనని చిన్న అక్షరాల్లో మరికొంత రాసి ఉంటుంది: ఎస్‌ఏఈ 5డబ్ల్యూ-40, ఏపీఐ ఎస్‌పీ, ఏసీఈఏ ఏ3/బీ4. ఇరవై, ముప్పై ఏళ్లు తిరిగిన కారుకు ఆయిల్ ఎంచుకునేటప్పుడు పనికొచ్చేవి ఈ చిన్న అక్షరాలే. ముందున్న పెద్ద మాట చెప్పేది చాలా తక్కువ.

పాత కారు ఉన్నవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ‘సింథటిక్ పోయవచ్చా, మినరల్‌తోనే నడపాలా?’ అన్నది. నిజానికి అది మూడో ప్రశ్న కావాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలన్నది మొదటిది. లోపల రాసుకునే లోహభాగాలకు ఏ రసాయనం కాపలా కాయాలన్నది రెండోది. ఈ రెండూ తేలాక, సింథటిక్‌కు మారితే ఎంత లాభమో తెలుసుకోవడం కష్టం కాదు. వరుస తలకిందులైతే మాత్రం ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఆయిలే ఇంజిన్‌కు చేటు చేయవచ్చు.

సింథటిక్ అంటే ఏది?

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, బేస్ ఆయిళ్లను, అంటే అడిటివ్‌లు కలపకముందున్న మూల నూనెలను, ఐదు గ్రూపులుగా విడదీసింది. మొదటి రెండూ ముడిచమురును శుద్ధి చేయగా వచ్చిన మినరల్ ఆయిళ్లు. మూడోది కూడా ముడిచమురు నుంచే వస్తుంది. కాకపోతే అధిక పీడనంలో హైడ్రోజన్‌తో చర్య జరిపి అణువుల తీరునే మార్చేస్తారు. నాలుగోది పాలీ ఆల్ఫా ఒలెఫిన్, చిన్న అణువులను ఒకదానికొకటి కూర్చి ఫ్యాక్టరీలో తయారు చేసేది. ఈ నాలుగింటిలో చేరని ఎస్టర్ల వంటివన్నీ ఐదో గ్రూపు.

ఒకప్పుడు సింథటిక్ అంటే నాలుగు, ఐదు గ్రూపులే అనుకునేవారు. క్యాస్ట్రాల్ తన మూడో గ్రూపు ఆయిల్‌ను సింథటిక్ పేరుతో అమ్ముతోందని మొబిల్ ఫిర్యాదు చేయగా, అలా పిలవడంలో తప్పు లేదని అమెరికాలోని ప్రకటనల పరిశీలన విభాగం 1999లో తేల్చింది. అప్పటినుంచి ఆ మాట పరిధి పెరిగింది. ఈనాడు సింథటిక్ పేరుతో దొరికేవాటిలో చాలావరకు మూడో గ్రూపు ఆధారంగా తయారైనవే. ‘సెమీ సింథటిక్’ అన్న మాట ఇంకా వదులు. అందులో సింథటిక్ పాలు ఇంత ఉండాలని అందరూ ఒప్పుకున్న లెక్క ఏదీ లేదు.

ఇందులో మోసం ఉందని బాధపడనక్కర లేదు. మంచి మూడో గ్రూపు ఆయిల్ వేడికి త్వరగా మడ్డికట్టదు, ఆవిరైపోవడం తక్కువ, వేడికీ చలికీ చిక్కదనం మారే తీరులో మినరల్ కంటే ఎంతో నిలకడ చూపుతుంది. దాని పుట్టుక ఏ గ్రూపులో అన్నదానికంటే ఏ పరీక్షలు నెగ్గిందన్నదే ముఖ్యం. ఆ సమాచారం ఉండేది వెనకవైపు అక్షరాల్లోనే.

5డబ్ల్యూ-40 అంటే పలుచటి ఆయిల్ కాదు

పాత కార్ల విషయంలో ఎక్కువ అపోహలు పుట్టేది ఇక్కడే. కారుతో వచ్చిన పుస్తకంలో 15డబ్ల్యూ-40 అని ఉంటే, 5డబ్ల్యూ-40 డబ్బా చూడగానే ‘ఇది నీళ్లలా ఉంటుంది, పాత ఇంజిన్‌కు ఆగదు’ అని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఇది ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన చిక్కదనపు గ్రేడు. అందులో ‘డబ్ల్యూ’ అంటే వింటర్, శీతకాలం. దాని ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఆయిల్ నడతను చెబుతుంది, అంతవరకే. 5డబ్ల్యూ ఆయిల్‌తో మైనస్ 30 డిగ్రీల దగ్గర ఇంజిన్ తిరగగలగాలి, మైనస్ 35 దగ్గర కూడా పంపు ఆ ఆయిల్‌ను లాగగలగాలి. 15డబ్ల్యూకు ఈ పరీక్షలు మైనస్ 20, మైనస్ 25 దగ్గర జరుగుతాయి. 20డబ్ల్యూకు మైనస్ 15, మైనస్ 20 దగ్గర. వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ ఎలా ఉంటుందో ఈ అంకె చెప్పదు.

అది చెప్పేది రెండో అంకె. 100 డిగ్రీల వేడిలో కొలిచినప్పుడు 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి. 40 గ్రేడుకు 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడుకు 16.3 నుంచి 21.9 లోపు. అంటే 5డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 మూడూ వేడి ఇంజిన్‌లో ఒకే పరిధిలోవి.

కంపెనీలు ఇచ్చే వివరాల పత్రాలు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. సాధారణమైన 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సుమారు 105 నుంచి 115 సెంటీస్టోకులు, 100 డిగ్రీల దగ్గర 14కు అటూఇటూగా ఉంటుంది. 5డబ్ల్యూ-40 సింథటిక్ 40 దగ్గర సుమారు 80 నుంచి 95, 100 దగ్గర అదే 14కు అటూఇటూ. పొద్దున్నే చల్లటి ఇంజిన్ తిప్పినప్పుడు 5డబ్ల్యూ-40 కూడా తాను పనిచేయవలసిన చిక్కదనం కంటే ఆరేడు రెట్లు, చల్లదనం పెరిగితే అంతకంటే ఎక్కువ చిక్కగా ఉంటుందన్నమాట. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ మరీ పలుచబడటం అనే సమస్యే లేదు. ఎప్పుడూ మరీ చిక్కగా ఉండటమే సమస్య. రాత్రంతా ఆయిల్ కిందికి జారిపోయిన, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌కు మళ్లీ తడి తగిలేదాకా గడిచే ఆ కొద్ది సెకన్లు పాత ఇంజిన్‌కు గడ్డు సమయం. మొదటి అంకె చిన్నదైతే ఆ సెకన్లు తగ్గుతాయి. చలి అంతగా లేని చోట ఈ లాభం కొంచెమే; హాని మాత్రం లేదు.

ఇంకో కొలత ఉంది. డబ్బా మీద సాధారణంగా కనబడదు, వివరాల పత్రంలో దొరుకుతుంది. దాని పేరు హెచ్‌టీహెచ్‌ఎస్. ఆయిల్‌ను 150 డిగ్రీలకు వేడిచేసి, తీవ్రమైన ఒరిపిడికి గురిచేసి, అప్పుడు దాని చిక్కదనాన్ని కొలుస్తారు. క్రాంక్ షాఫ్ట్ బేరింగులో, పిస్టన్ రింగు అంచున ఆయిల్ పొర పడే యాతనకు ఇది దగ్గరి నమూనా. మిల్లీపాస్కల్ సెకన్ల లెక్కన 20 గ్రేడుకు కనీసం 2.6 ఉంటే చాలు, 30 గ్రేడుకు 2.9. మొదటి అంకె 0, 5, 10గా ఉన్న 40 గ్రేడు ఆయిళ్లకు కనీసం 3.5, 15డబ్ల్యూ-40కి 3.7. ఒకప్పుడు 15డబ్ల్యూ-40 గానీ 20డబ్ల్యూ-50 గానీ పోసి నడపమని తయారైన ఇంజిన్‌కు హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5కు తక్కువ కాకూడదు. ఇక్కడ రాజీ పడకూడదు. ఇంధనం ఆదా కోసం రూపొందిన 0డబ్ల్యూ-20 కొత్త ఇంజిన్లకు చక్కగా సరిపోతుంది. పాత ఇంజిన్ బేరింగుల మధ్య సందు ఆ పలుచని పొరను లెక్కలో పెట్టుకుని చేసింది కాదు.

దీనికి సరిగ్గా ఎదురు పొరపాటు కూడా అంతే తరచుగా జరుగుతుంది. ‘కారు పాతబడింది, చిక్కటి ఆయిల్ పోయండి’ అంటూ 30 గ్రేడు రాసి ఉన్న ఇంజిన్‌లో 50 గ్రేడు పోస్తారు. మీటరు ముల్లు పైకి లేస్తుంది, మనసు కుదుటపడుతుంది. కానీ ప్రెషర్ మీటరు చూపేది ఆయిల్ ఎంత కష్టపడి కదులుతోందన్నది. ఎంత ఆయిల్ అందుతోందన్నది కాదు. చల్లటి చిక్కటి ఆయిల్ వల్ల పీడనం హద్దు దాటితే పంపు దగ్గరి రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, కొంత ఆయిల్ పైకి వెళ్లకుండానే వెనక్కి మళ్లిపోతుంది. ముల్లు పైన ఉంటుంది, క్యామ్ షాఫ్ట్ దగ్గర కొరత ఉంటుంది. అరిగిన ఇంజిన్‌కు చిక్కదనం పెంచాలనుకుంటే పుస్తకం అనుమతించే పట్టికలోనే ఒక మెట్టు పైకి వెళ్లాలి. పాత పుస్తకాల్లో బయటి ఉష్ణోగ్రతను బట్టి నాలుగైదు గ్రేడులు చూపే పట్టిక సాధారణంగా ఉంటుంది. అందులో వెసులుబాటు బాగానే ఉంటుంది.

క్యామ్ మీద పడే ఒత్తిడి, జింకు సంగతి

ఇక రెండో ప్రశ్న. పాత ఇంజిన్లలో, ముఖ్యంగా క్యామ్ కదలికను కడ్డీల ద్వారా వాల్వులకు చేర్చే పుష్ రాడ్లున్నవాటిలో, క్యామ్ షాఫ్ట్ మీది గుడ్డు ఆకారపు మెట్ట వాల్వు వైపు ఆ కదలికను అందించే చదునైన టాపెట్ ముఖం మీద జారుతూ దాన్ని పైకి నెడుతుంది. రెండూ ఆనుకునేది వెంట్రుకంత సన్నని గీత మీదే. వాల్వు స్ప్రింగు బలమంతా ఆ గీత మీద పడుతుంది. అక్కడ ఆయిల్ పొర ఒక్కటే నిలవలేదు. అందుకే జింకు, భాస్వరం ఉన్న జెడ్‌డీడీపీ అనే అడిటివ్ కలుపుతారు. వేడి, ఒత్తిడి తగిలిన చోట అది లోహంతో చర్య జరిపి గాజులాంటి పలుచని పొరగా ఏర్పడుతుంది. అరిగేది ఆ పొర. కింది ఉక్కు మిగులుతుంది. అరిగిన చోట మళ్లీ కొత్త పొర పుడుతుంది.

చిక్కేమిటంటే, ఆయిల్ మండినప్పుడు వెలువడే భాస్వరం సైలెన్సర్ దారిలో పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే దాని మీద పరిమితి తెచ్చి, బిగిస్తూ పోయారు: 1990ల మొదట్లో 0.12 శాతం, తర్వాత 0.10, 2004లో 0.08. పాత కార్ల అభిమానుల్లో ‘కొత్త ఆయిళ్లలో జింకు లేదు’ అన్న భయం పుట్టింది ఇందుకే. ఆ భయంలో సగం నిజం ఉంది. ఏపీఐ పెట్టిన ఆ గరిష్ఠ పరిమితి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి ఇంధనం ఆదా చేసే గ్రేడులకే వర్తిస్తుంది. 5డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకు అది లేదు. అంటే పాత ఇంజిన్‌కు చిక్కదనం దృష్ట్యా సరిపోయే గ్రేడుల్లోనే భాస్వరం కాస్త ఎక్కువగా దొరికే అవకాశం ఉంది. వివరాల పత్రంలో 0.10 శాతానికి దగ్గరగా ఉంటే మామూలుగా వాడే చదును టాపెట్ ఇంజిన్‌కు చాలు. ఓవర్‌హాలింగ్‌లో కొత్త క్యామ్ వేసినప్పుడు మాత్రం మొదటి అరగంటకు ప్రత్యేకంగా దొరికే బ్రేక్-ఇన్ ఆయిల్ వాడటమే మంచిది.

విడిగా సీసాల్లో దొరికే జింకు మందు కొని కలపడం మంచి ఆలోచన కాదు. ఆయిల్‌లోని మురికి వదలగొట్టే రసాయనాలు, జింకు రెండూ అదే లోహం మీద చోటు కోసం పోటీ పడతాయి. తయారీదారు నెలల తరబడి పరీక్షించి కుదిర్చిన తూకాన్ని చెంచాడు మందుతో చెడగొట్టినట్టవుతుంది.

ఏపీఐ అక్షరాలు చదివే తీరు

‘ఎస్’తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజిన్లకు, ‘సీ’తో మొదలయ్యేవి డీజిల్‌కు. రెండో అక్షరం ముందుకు జరిగే కొద్దీ ప్రమాణం కొత్తది: ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎం 2004లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో వచ్చాయి. పుస్తకంలో ఎస్‌ఎఫ్ అనో ఎస్‌జీ అనో ఉందని అదే వెతకనక్కర లేదు. ఎస్‌ఏ నుంచి ఎస్‌హెచ్ దాకా అన్నీ కాలం చెల్లినవే, కొత్తవి వాటి పనిని కలుపుకునే వచ్చాయి. పైగా పాత అక్షరం ఉన్న డబ్బా ఇంకా ఎక్కడైనా దొరికితే జాగ్రత్త పడాలి. ఎస్‌ఎఫ్ ఆయిల్ 1988 తర్వాతి పెట్రోలు ఇంజిన్లకు చాలావరకు తగదని ఏపీఐ స్వయంగా హెచ్చరిస్తుంది. అసలు అడిటివ్‌లే లేని ఎస్‌ఏ అయితే 1930 తర్వాతి ఇంజిన్లకే పనికిరాదు.

అయితే ఎస్‌పీ అని ఉన్నంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఎస్‌పీలోనే 0డబ్ల్యూ-20 ఉంది, 20డబ్ల్యూ-50 కూడా ఉంది. గ్రేడు ముందు, అక్షరం తర్వాత. డీజిల్‌లో సీకే-4 పాత ఇంజిన్లకూ సరిపోతుంది. దానితోపాటే 2016లో వచ్చిన ఎఫ్‌ఏ-4 సరిపోదు. దాని హెచ్‌టీహెచ్‌ఎస్‌ను కావాలనే 2.9 నుంచి 3.2 మధ్య ఉంచారు.

యూరప్ తయారీదారుల సంఘం ఏసీఈఏ ఇచ్చే గుర్తులు పాత కార్లకు ఇంకా సూటిగా ఉపయోగపడతాయి. ఏ3/బీ4 అని ఉంటే హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5కు తక్కువ కాదని, ఆమ్లాలను విరిచే శక్తిని సూచించే టీబీఎన్ 10కి తగ్గదని భరోసా. వివరాల పత్రం దొరకకపోయినా ఈ ఒక్క గుర్తుతో సగం పని అయిపోతుంది. ఏ5/బీ5 ఇంధనం ఆదా కోసం పలుచగా చేసింది, దానికి దూరంగా ఉండాలి. సీ3లో చిక్కదనం ఉంటుంది గానీ డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్‌ను కాపాడటానికి బూడిద మిగిల్చే రసాయనాలను తగ్గించారు. ఆ ఫిల్టరే లేని కారుకు ఆ తగ్గింపుతో పనిలేదు.

‘అప్రూవ్డ్’ అన్న మాటకూ ‘ప్రమాణాలకు తగినది’ అన్న మాటకూ తేడా ఉంది. మొదటిది కారు తయారీదారు పరీక్షించి ఇచ్చిన ఆమోదం, రెండోది ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకునేది. కొన్ని ఇంజిన్ల విషయంలో ఈ తేడా ప్రాణప్రదం. క్యామ్ షాఫ్టే ఇంజెక్టర్లను కూడా నొక్కే పాత ఫోక్స్‌వ్యాగన్ పంప్-డ్యూసె డీజిళ్లకు 505 01 ఆమోదం ఉన్న ఆయిల్ అడిగింది ఊరికే కాదు. మామూలు డీజిల్ ఆయిల్‌తో ఆ క్యామ్‌లు అరిగిపోతాయి.

‘సింథటిక్ పోస్తే లీకవుతుంది’

ఈ మాటకు ఒకప్పుడు ఆధారం ఉండేది. 1970ల్లో మార్కెట్లోకి వచ్చిన తొలి సింథటిక్‌లలోని పాలీ ఆల్ఫా ఒలెఫిన్ రబ్బరు సీళ్లను కొద్దిగా కుంచించేది. తర్వాత రబ్బరును కొంచెం ఉబ్బించే ఎస్టర్లను కలిపి తూకం సరిచేశారు. ఇప్పటి ఆయిళ్లు సీళ్ల పరీక్ష నెగ్గితేనే ఆ ప్రమాణాల గుర్తులు పొందుతాయి.

అయినా మార్చిన నెలకే ఇంజిన్ కింద నేల మీద మరక కనిపించిందని చెప్పేవారు అబద్ధమాడటం లేదు. ఏళ్ల తరబడి వేడికి నైట్రైల్ రబ్బరు సీలు గట్టిపడి, షాఫ్ట్ మీద పట్టు కోల్పోతుంది. ఆ సందును గట్టిపడిన మడ్డే ఇన్నాళ్లూ మూసి ఉంచుతుంది. శుభ్రపరిచే గుణం బాగా ఉన్న ఆయిల్ ఆ మడ్డిని కరిగిస్తుంది, దాగి ఉన్న లీకు బయటపడుతుంది. సీలు పోయింది ఎప్పుడో, తెలిసింది ఇప్పుడు. ఆ సీలు మార్చడమే దానికి వైద్యం. ఇంజిన్ విప్పే వీలు లేనప్పుడు సీళ్లను మెత్తబరిచే పదార్థాలు కలిసిన ‘హై మైలేజ్’ ఆయిల్ కొన్నాళ్లు నెట్టుకొస్తుంది.

అందుకే మార్చేముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. ఆయిల్ పోసే మూత తీసి లోపల టార్చి వేసి చూడాలి. లోహం తేనెరంగులోనో లేత గోధుమరంగులోనో మెరుస్తుంటే నిశ్చింతగా సింథటిక్‌కు మారవచ్చు. నల్లటి పేస్టు పేరుకుపోయి, వేలు పెడితే ముద్దగా అంటుకుంటే ఆగాలి. అది ఒక్కసారిగా ఊడి అడుగున చేరితే పంపు ముందున్న జాలీ మూసుకుపోతుంది, క్షణాల్లో బేరింగులు పోతాయి. ఇంజిన్ ఫ్లష్ మందులు పోస్తే జరిగేదీ ఇదే. సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి, జాలీ కడిగి, సరైన గ్రేడు ఆయిల్ పోసి, 1,500 నుంచి 2,000 కిలోమీటర్లకే ఫిల్టరుతో సహా మార్చాలి. రెండు మూడు సార్లు అలా చేస్తే మడ్డి నెమ్మదిగా, ప్రమాదం లేకుండా వదులుతుంది.

సింథటిక్ వద్దనదగిన సందర్భమూ ఉంది. ప్రతి వెయ్యి కిలోమీటర్లకు లీటరు ఆయిల్ తాగే ఇంజిన్‌లో ఖరీదైన ఆయిల్ పోయడం దాన్ని పొగగా వదిలేయడమే. ఉదయం స్టార్టు చేయగానే నీలిపొగ ఒక్కసారి వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులు అనుమానించాలి. ఈ రెంటి కంటే ముందు, ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి లాగే పీసీవీ వాల్వు చూడాలి. అది మూసుకుపోయినా ఆయిల్ ఖర్చు పెరుగుతుంది, మార్చడం చిటికెలో పని. అరిగిన రింగులను ఏ ఆయిలూ బాగుచేయలేదు. అటువంటి బండికి రిపేరు అయ్యేదాకా తగిన గ్రేడులో మంచి మినరల్ ఆయిల్ చాలు.

మార్చే గడువు విషయంలోనూ డబ్బా మీది హామీని యథాతథంగా తీసుకోకూడదు. కార్బురేటర్ ఇంజిన్‌లో చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువగా చేరి, కొంత సిలిండరు గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. దగ్గరి దూరాలే తిరిగే బండిలో తేమ కూడా పేరుకుంటుంది. సింథటిక్ అయినా ఈ రెంటినీ ఆపలేదు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదానితో నిమిత్తం లేకుండా ఏడాదికోసారి మార్చాలి.

పుస్తకంలో 15డబ్ల్యూ-40, ఎస్‌జీ అని ఉన్న 1990ల నాటి పెట్రోలు కారు ఒకటి అనుకుందాం. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగింది, మూత కింద గోధుమరంగు, పొగ లేదు. దానికి ఏ3/బీ4, ఎస్‌ఎన్ లేదా ఎస్‌పీ గుర్తులున్న 5డబ్ల్యూ-40 సింథటిక్ నిస్సంకోచంగా పోయవచ్చు. వెనక సీలు దగ్గర కాస్త తడి కనిపిస్తే 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్ మేలు. పోసిన రోజు కారును చదునైన చోట నిలిపి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎక్కడిదాకా ఉందో రాసిపెట్టుకోవాలి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత అదే చోట, ఇంజిన్ చల్లారాక మళ్లీ చూడాలి. ఆయిల్ నల్లబడితే కంగారు పడనక్కర లేదు, అది మురికిని పట్టుకుంటోందన్నమాట. కొలత వేలెడంత దిగితే మాత్రం పొగ గొట్టాన్నీ, నేల మీది మరకలనూ ఆ రోజే పరిశీలించాలి.